ఎవులన్నారీ మాట?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్లు అడిగినప్పుడు మేము హాస్టల్ జ్ఞాపకాలు రాస్తామనుకున్నారు. జ్ఞాపకాలు ఈ సంచికలో చాలామంది రాస్తారు. మేము హాస్టల్ గోడల గురించి రాయదలచుకున్నాం. గోడలంటే పెచ్చులూడిన సంగతి కాదు, దానికి అర్జీలు వేరే ఉన్నాయి. గోడల మీద రాసి ఉన్న మాటల సంగతి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సాంఘిక సంక్షేమ వసతి గృహానికి వెళ్లినా గోడల మీద మహనీయుల సూక్తులు కనిపిస్తాయి. భోజనాల హాలులో అంబేద్కర్, ఆఫీసు గది పక్కన గాంధీ, మెట్ల దగ్గర వివేకానందుడు, ఈమధ్య కాలంలో అబ్దుల్ కలాం. బొమ్మ కింద ఒక వాక్యం, వాక్యం కింద ఒక గీత, గీత పక్కన పేరు. ట్రంకు పెట్టె పట్టుకుని దిగిన రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా, పళ్లెం చేతిలో పెట్టుకుని వరసలో నిలబడి పూటపూటా చదివినవి అవే. పాఠ్యపుస్తకాలనైనా అన్నిసార్లు చదివి ఉండం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. ఇంట్లో పుస్తకాల బీరువా లేనివాళ్లకు ఆ గోడే మొదటి గ్రంథాలయం. కాబట్టి ఆ గోడ మీద ఉన్నది ఎంతవరకు నిజమో చూసుకోవలసిన అవసరం మిగతావాళ్ల కంటే మనకే ఎక్కువని మా అభిప్రాయం.

ఈ అభిప్రాయం ఊరికే కలగలేదు. పీజీలో ఉండగా ఒక సెమినార్‌కు వెళ్లాం. అక్కడ మన హాస్టల్‌లో చదివిన మిత్రుడొకడు విద్య గురించి మాట్లాడుతూ, విద్యను ఆడపులి పాలతో పోల్చి, తాగినవాడు గర్జించక మానడని చెప్పే వాక్యాన్ని అంబేద్కర్ పేరుతో చెప్పాడు. వేదిక మీది పెద్దాయన ఒకరు ‘‘ఏ సంపుటం? ఏ పేజీ?’’ అని అడిగారు. మిత్రుడి దగ్గర జవాబు లేదు. హాలులో నవ్వారు. ‘‘వీళ్లకు ఆవేశమే గాని ఆధారం ఉండదు’’ అని వెనక వరసలో ఎవరో అనడం మేము చెవులారా విన్నాం. అదే సెమినార్‌లో మధ్యాహ్నం ఇంకొక వక్త లేచి, 1835లో మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో చేసిన ప్రసంగమని ఒకటి గంభీరంగా చదివారు. భారతదేశం నలుమూలలా తిరిగినా ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనబడలేదని, ఇంత గొప్ప దేశాన్ని లొంగదీయాలంటే దాని చదువును మార్చాలని మెకాలే అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు. ఏ సంపుటమని గాని, ఏ పేజీ అని గాని ఎవరూ అడగలేదు.

పొద్దున అడిగిన ప్రశ్న సరైనదే. మధ్యాహ్నం అడగకపోవడమే మాకు బాధ కలిగించింది. అందుకే ముందు మధ్యాహ్నం మాట సంగతి చూద్దాం.

ఈ మెకాలే ప్రసంగానికి వేసే తేదీ 1835 ఫిబ్రవరి 2. మెకాలే 1834 జూన్‌లో ఓడ దిగి మద్రాసు చేరాడు. 1838 మొదట్లో గాని తిరుగు ప్రయాణం కట్టలేదు. మరి 1835 ఫిబ్రవరి 2న లండన్‌లో పార్లమెంటులో ఎలా నిలబడ్డాడు? ఆ రోజున ఆయన కలకత్తాలో ఉన్నాడు. విద్య మీద తన ప్రసిద్ధమైన ‘మినిట్’ రాసి సంతకం పెట్టిన తేదీ అదే. ఆ అసలు పత్రంలో మన దేశపు గొప్పతనం గురించి పొగడ్త మచ్చుకైనా లేదు. సంస్కృత, అరబ్బీ సాహిత్యాలను చులకన చేస్తూ రాశాడు. మెకాలేను తిట్టదలచుకున్నవాళ్లకు అదే చాలు, దొంగ ప్రసంగం అక్కర్లేదు.

అయితే ఆ దొంగ ప్రసంగం ఎందుకంత ఇష్టంగా తిరుగుతోంది? బిచ్చగాడు లేని దేశం అనే బొమ్మ అందంగా ఉంటుంది గనుక. ఆ తేదీకి రెండేళ్ల ముందే గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టింది. బానిసత్వానికి చట్టం గుర్తింపు లేకుండా చేసిన శాసనం 1843లో గాని రాలేదు. అంటే ఆ ప్రసంగం తేదీ నాటికి ఈ దేశంలో మనిషిని మనిషి సొంతం చేసుకోవడం కోర్టు ఒప్పుకునే విషయం. మన తాతల ముత్తాతలు ఆ కాలంలో ఏ స్థితిలో ఉన్నారో ఏ పుస్తకంలోనూ లేకపోయినా, ఏ ఊరి చివర ఉన్నారో మనకు తెలుసు. మెకాలే నోట పెట్టిన ఆ అబద్ధాన్ని ఒప్పుకుంటే వాళ్లు అసలు లేనట్టే. సూక్తి కింద పేరు తప్పయితే ఏమవుతుంది, మాట మంచిదైతే చాలదా అనేవాళ్లకు మా మొదటి జవాబు ఇదే.

గాంధీగారి పేరుతో ఉన్న మరొకటి మీరంతా చూసే ఉంటారు. స్కాలర్‌షిప్ ఖాతా కోసం బ్యాంకులో లైను కడితే, కౌంటరు పైన అద్దాల ఫ్రేములో ఉంటుంది. ఖాతాదారుడే మన ఆవరణకు వచ్చే అతి ముఖ్యమైన అతిథి, అతను మన మీద ఆధారపడలేదు, మనమే అతని మీద ఆధారపడ్డాం అనే ధోరణిలో సాగుతుంది. దాని కిందే కూర్చున్న గుమాస్తాగారు ‘‘లంచ్ తర్వాత రా’’ అంటారు, అది వేరే విషయం. కొన్ని బోర్డుల మీద 1890లో దక్షిణాఫ్రికాలో చేసిన ప్రసంగం అని కూడా ఉంటుంది. 1890లో గాంధీ లండన్‌లో బారిష్టరు చదువుతున్న కుర్రవాడు. దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టింది 1893లో. ఆ మాటల జాడ తీసినవాళ్లకు దొరికింది 1941 నాటి ఒక అమెరికా వ్యాపార పత్రిక. అందులో స్టూడ్‌బేకర్ అనే కార్ల కంపెనీలో అమ్మకాల వ్యవహారాలు చూసే కెనెత్ ఎలియట్ అనే ఆయన చెప్పినట్టుగా ఉంది. కార్లు అమ్ముకునే మాట మన ఊరి బ్యాంకుకు వచ్చేసరికి మహాత్ముడి మాటయింది.

ఇలాంటివి వెతికితే చాలా ఉన్నాయి. నీ అభిప్రాయంతో ఏకీభవించను గాని దాన్ని చెప్పుకునే నీ హక్కు కోసం ప్రాణమిస్తాను అనే అర్థం వచ్చే మాటను వ్యాసరచన పోటీల్లో వోల్టేర్ పేరుతో రాస్తారు. అది వోల్టేర్ చనిపోయిన 128 ఏళ్లకు, 1906లో, ఆయన గురించి పుస్తకం రాసిన ఎవలిన్ బియాట్రిస్ హాల్ అనే ఆవిడ రాసిన వాక్యం. లేవండి, మేల్కొనండి అని వివేకానందుడు పిలుపునిచ్చిన మాట నిజమే గాని, దాని మూలం కఠోపనిషత్తు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, మన గోడలు దాచాయి.

మా ఊళ్లలో తగువు తీర్చేటప్పుడు పెద్దవాళ్లు అడిగేవి కొన్ని ప్రశ్నలున్నాయి. ‘‘ఎవులన్నారు? ఎక్కడన్నారు? నువ్వు ఇన్నావా, ఇన్నోడు సెప్పగా ఇన్నావా?’’ అక్షరం ముక్క రాని మా అమ్మలు కూడా ఈ ప్రశ్నలు అడగకుండా ఎవరి మీదా నింద వేయనివ్వరు. యూనివర్సిటీలో రీసెర్చ్ మెథడాలజీ అని మాకు ఒక పేపరు పెట్టారు. ఆ పేపరులో ఉన్న సారమంతా ఈ మూడు ప్రశ్నలే. వీటిని నింద మీద అడిగినట్టే పొగడ్త మీదా అడగాలి, మనకు గిట్టనివాళ్ల మాట మీద అడిగినట్టే మన ప్రాణప్రదమైన మాట మీదా అడగాలి. కాబట్టి ఇప్పుడు మన భోజనాల హాలుకు వద్దాం.

పులిపాల మాట ముందు. అంబేద్కర్ రచనల్లో గాని ప్రసంగాల్లో గాని ఫలానా చోట ఉందని దాన్ని రాసేవాళ్లెవరూ చూపడం లేదు. మరాఠీ దేశంలో మాత్రం ఇంగ్లీషు భాషను ఆడపులి పాలతో పోల్చిన మాట ఒకటి ప్రసిద్ధం. అది ‘నిబంధమాల’ నడిపిన విష్ణుశాస్త్రి చిప్లూంకర్ పేరుతో చలామణిలో ఉంది. ఆయన 1850లో పుట్టి 1882లో పోయాడు, అంటే అంబేద్కర్ పుట్టక ముందే. జ్యోతిబా ఫూలేను, సత్యశోధక సమాజాన్ని తీవ్రంగా వెక్కిరించినవాడు కూడా ఆయనే. ఫూలే శత్రువు పేరుతో ఉన్న పోలిక, ఫూలేను తన గురువుల్లో ఒకరిగా చెప్పుకున్న అంబేద్కర్ పేరుతో మన గోడ ఎక్కింది! మాకు ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ కనబడలేదు. పోలిక ఎవరిదైనా పాలు తాగి గర్జిస్తున్నది మనమే గదా. కాని సెమినార్‌లో ఆ పేరు పెట్టి చెప్పకూడదు. చెబితే నవ్వేవాళ్లకు మనమే అవకాశం ఇచ్చినట్టు.

మేకలు, సింహాలు, బలి గురించిన వాక్యం సంగతి వేరు. మన వైపు అంబేద్కర్ విగ్రహం దిమ్మె మీద అది లేని ఊరు అరుదు. ఇది ఆయన అన్నదే. ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. ఆ పుస్తకం మొదట వచ్చింది 1954లో, అంబేద్కర్ బతికి ఉండగానే. పోగొట్టుకున్న హక్కులు బతిమాలితే రావు, పోరాడితేనే వస్తాయని చెబుతూ ఆ పోలిక తెచ్చారు. అయితే పోలిక అంతకంటే చాలా పాతది. సంస్కృతంలో ఒక సుభాషితం ఉంది. గుర్రాన్ని గాని ఏనుగును గాని బలివ్వరు, పులి మాట ఎత్తనే ఎత్తరు, మేకపిల్లనే ఇస్తారు, దేవుడు కూడా బలహీనుడినే చంపుతాడు అని దాని భావం. ఆ శ్లోకం నిట్టూర్చి ఊరుకుంటుంది. అంబేద్కర్ అదే పోలికను తీసుకుని మనుషులకు ధైర్యం చెప్పడానికి వాడారు. చదువు రాకూడదని ఎవరిని నిషేధించారో ఆయన, నిషేధించినవాళ్ల భాషలోని పోలికనే అలా తిప్పడం మాకు చాలా నచ్చింది. మూలం తెలుసుకుంటే మహనీయుల విలువ తగ్గుతుందేమోనని భయపడే మిత్రులకు ఇది చెప్పాలి. ఇక్కడ విలువ పెరిగింది.

ఇక అన్నింటికంటే పెద్దది, మన హాస్టళ్ల గేటు మీదే ఉండేది. బోధించు, సమీకరించు, పోరాడు.

అంబేద్కర్ 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత డిప్రెస్డ్ క్లాసెస్ మహాసభలో ఇంగ్లీషులో ఇచ్చిన చివరి సలహా ఎడ్యుకేట్, అజిటేట్, ఆర్గనైజ్. వరస గమనించండి. రెండోది అజిటేట్, మూడోది ఆర్గనైజ్. మన గోడ మీద రెండు, మూడు తారుమారయ్యాయి. మన ఒక్కరిదే కాదు, మరాఠీలో, హిందీలో ఊరేగింపుల్లో వినబడే నినాదం కూడా ఇదే తారుమారు వరసలో ఉంటుంది. ఈ మూడు మాటలకూ అంతకుముందు చరిత్ర ఉంది. 1880లలో ఇంగ్లండులో సోషల్ డెమొక్రటిక్ ఫెడరేషన్ అనే కార్మిక పక్షం సంస్థ ఉండేది. దాని సభ్యత్వ కార్డును కవి, చిత్రకారుడు విలియం మోరిస్ గీశాడు. ఆ కార్డు మీద ఈ మూడు మాటలున్నాయి. అంబేద్కర్ లండన్‌లో చదువుకున్న మనిషి, కార్మికుల కోసం పార్టీ పెట్టిన మనిషి. అక్కడి కార్మికుల పిలుపును ఇక్కడి అంటరానివాళ్ల చేతికిచ్చారంటే అందులో అరువు అనే చిన్నతనం మాకు కనబడదు.

వరస మారితే మునిగిపోయిందేమిటి అంటారా? మా ఉద్దేశంలో చాలా మునిగింది. అజిటేట్ అంటే కర్ర పట్టుకుని రోడ్డెక్కడం ఒక్కటే కాదు. నిలవ ఉన్న నీటిని కదిలించినట్టు మనసును కదిలించడం. చదువుకున్నవాడికి మనసు కదలాలి, కదిలినవాళ్లు ఒకచోట చేరాలి. ఇది ఆయన చెప్పిన వరస. మన గోడ ప్రకారం చదువుకున్నవాళ్లు ముందు ఒకచోట చేరాలి, చేరడం పూర్తయ్యాక పోరాడాలి. కదలని మనసులు ఒకచోట చేరితే ఏమవుతుందో పూర్వ విద్యార్థుల సంఘాలకు తెలుసు. టెంటు, టిఫిను, గ్రూప్ ఫోటో. ‘‘ముందు ఉద్యోగం రానీ, తర్వాత చూద్దాం’’ అనే మాట మన వాళ్ల నోట ఎన్నిసార్లు విన్నామో! పోరాటాన్ని వరసలో ఆఖరున నిలబెట్టిన గోడకు కూడా అందులో కొంత పాలుందని మా అనుమానం.

మొదటి మాట విషయంలో మాత్రం తెలుగుకే మార్కులు వేయాలి. మరాఠీ నినాదంలో ఆ చోట ‘నేర్చుకోండి’ అని ఉంటుంది. తెలుగులో బోధించు అన్నారు. ఎడ్యుకేట్ అంటే అదే, ఎదుటివాడికి చెప్పడం. నువ్వు నేర్చుకుంటే సరిపోదు, చెప్పు. ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాడు సెలవులకు ఇంటికెళ్లి తమ్ముడికి లెక్కలు చెప్పకుండా ఫోను చూసుకుంటూ కూర్చుంటే ఆ మొదటి మాట దగ్గరే ఫెయిలయినట్టు.

అదే నాగపూర్‌లో ఆ రోజుల్లోనే మహిళా మహాసభ కూడా జరిగింది. ఒక సమాజం ఎంత ముందుకు వెళ్లిందో ఆ సమాజపు స్త్రీలు ఎంత ముందుకు వెళ్లారన్న దాన్ని బట్టి కొలుస్తానని అంబేద్కర్ చెప్పింది అక్కడే. బాలికల హాస్టల్ చెల్లెళ్లు దీన్ని ఊరు, సంవత్సరంతో సహా ధైర్యంగా రాసుకోవచ్చు.

రథం మాట కూడా చెప్పి ఈ హాలు దాటుదాం. ఎన్నో కష్టాలు పడి ఈ రథాన్ని ఇక్కడిదాకా తెచ్చాను, ముందుకు లాగలేకపోతే ఉన్నచోటే వదలండి గాని వెనక్కి పోనివ్వకండి అనే సందేశం. ఇది పుస్తకంలో రాసింది కాదు, వేదిక మీద చెప్పింది కాదు. చనిపోయే సంవత్సరం, 1956లో, తన దగ్గర పనిచేసిన నానక్ చంద్ రత్తుతో ఏకాంతంలో అన్నది. రత్తు దాన్ని తన జ్ఞాపకాల్లో అచ్చు వేయించింది 1990లలో. మా ఊరి పెద్దల ప్రశ్న ప్రకారం ఇది ‘ఇన్నోడే సెప్పిన మాట’. సాక్షి ఒక్కడే అయినా పేరున్న సాక్షి, దగ్గరున్న సాక్షి. కనుక ‘రత్తు చెప్పిన ప్రకారం’ అని ఒక్క ముక్క కలిపి రాసుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇంకొకటి. రత్తు రాసింది రథమని కాదు, కారవాన్ అని. కారవాన్ అంటే ఎడారిలో ఒంటెలతో, సరుకులతో, పిల్లాజెల్లాతో కలిసి నడిచే బిడారు. మన పక్కనే ఒడిషా, రథయాత్ర మనకు కొత్త కాదు. రథంలో ఒకరు కూర్చుంటారు, మిగిలినవాళ్లు తాళ్లు పట్టుకు లాగుతారు. బిడారులో అందరూ నడుస్తారు. అనువాదంలో మనం ఎక్కించి కూర్చోబెట్టిందెవరినో, దిగి నడవలసింది ఎవరో ఆలోచించుకోవాలి.

తెలుగు సూక్తుల దగ్గరికి వస్తే, తెలుగు దినోత్సవాల్లో శ్రీకృష్ణదేవరాయలు అన్నాడంటూ తెలుగును దేశభాషల్లోకెల్లా మేలైనదిగా చెప్పే మాట వినబడుతుంది. అది ఆముక్తమాల్యదలో ఉంది. అక్కడ ఆ మాట అంటున్నది రాయలు కాదు, కలలో కనిపించిన ఆంధ్రమహావిష్ణువు. రాయల కంటే ముందే వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న క్రీడాభిరామంలోనూ అదే మాట ఉంది. ఆ కల వచ్చింది శ్రీకాకుళంలో అని చదివి మన జిల్లా వక్తలు కొందరు పొంగిపోతారు. అది మన శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం. రాయలు కళింగ దండయాత్రలో మన దిక్కుకు వచ్చిన మాట మాత్రం నిజం, సింహాచలంలో ఆయన శాసనాలున్నాయి.

విజయనగరం గురజాడ విషయంలో రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. ఒకటి, కన్యాశుల్కంలో గిరీశం కూసిన కూతలను గురజాడ అభిప్రాయాలుగా రాసేయడం. చుట్ట తాగడం గురించి, అభిప్రాయాలు మార్చుకోవడం గురించి గిరీశం చెప్పిన ‘నీతులు’ గురజాడ పేరు కింద ఫోనుల్లో తిరుగుతున్నాయి. దొంగను పట్టిచ్చిన మనిషికే దొంగతనం అంటగట్టినట్టుంది. రెండోది ఇంకా బాధాకరం. మనుషుల్లో మంచి, చెడ్డ అనేవి రెండే కులాలని ఆయన చెప్పినట్టు సభల్లో అందరూ చెబుతారు. అది ‘లవణరాజు కల’లోది. కాని అక్కడితో ఆపేస్తారు. ఆ పద్యంలో తర్వాతి మాట, మంచి అన్నది మాల అయితే తానూ మాలనే అవుతానని. ఆ కులం పేరు నోటితో పలకడం ఇష్టం లేక సగం దగ్గర కత్తిరించారు. పూర్తిగా రాస్తేనే అది గురజాడ మాట. సగం రాస్తే ఎవరికీ ఇబ్బంది లేని నీతివాక్యం. మన గోడ మీదైనా పూర్తిగా ఉండాలి.

ఈ వెతుకులాట మనకు కొత్త విద్య కూడా కాదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా చేసింది ఇదే. వాడుక మాటలు పూర్వులు వాడలేదని పండితులు వాదిస్తే, ఆయన తాటాకు గ్రంథాలు, శాసనాలు, పాత వచనాలు తిరగేసి, ఎవరు ఏ మాట ఎక్కడ వాడారో ఎత్తి చూపించారు. గద్య చింతామణి, బాలకవి శరణ్యం అలా పుట్టినవే. ఆవేశం లేనివారు కాదు, కాని ప్రతి ఆవేశానికీ ఒక ఆధారం చేతిలో పెట్టుకుని వెళ్లారు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. పెద్దవాళ్ల పేరు మీదికి వాళ్లు అనని మాటలు వచ్చి చేరుతున్నాయి. మన వాళ్లు అన్న మాటల మీద నుంచి మాత్రం పేర్లు రాలిపోతున్నాయి. ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలని మాకనిపిస్తుంది. గొప్ప మాట గొప్పవాడే అని ఉంటాడని ఒక నమ్మకం. పేదవాడి నోట వచ్చిన మంచి మాటకు యజమాని ఉండడని ఇంకొక నమ్మకం. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసి, 2020 ఆగస్టులో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు పాటలు మన హాస్టల్ వార్షికోత్సవాల్లో పాడని ఏడాది లేదు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాటకు ముందు మైకులో ఏమని చెబుతారో గుర్తు చేసుకోండి. ‘‘ఇప్పుడొక జానపద గీతం’’ అంటారు. నిన్నమొన్నటిదాకా మన మధ్య తిరిగిన మనిషి రాసిన పాట, ఆయన మాండలికంలో ఉందన్న ఒకే కారణానికి ఎవరు రాశారో తెలియని పాట అయిపోయింది. బ్యాంకు బోర్డుకు లేని రచయితను పుట్టించారు, ఈ పాటకు ఉన్న రచయితను పోగొట్టారు.

కనుక కమిటీవారికి మా సూచనలు. ఏటా ఏప్రిల్ 14కు ముందు గోడలకు సున్నం వేసి పెయింటర్‌తో సూక్తులు మళ్లీ రాయిస్తారు. ఈసారి ప్రతి సూక్తి కింద పేరుతోపాటు ఊరు, సంవత్సరం రాయించండి. దొరకని వాటికి పేరు తీసేయండి, మాట బాగుంటే మాటను ఉంచండి. పులిపాల మాటను చెరపొద్దు, పేరు లేకుండా అది హాయిగా బతుకుతుంది. గేటు మీది మూడు మాటల వరస మార్చాలా అన్నది పెద్ద చర్చ, దాన్ని వార్షికోత్సవం రోజునే పెట్టండి, మేము వచ్చి మాట్లాడతాం. అంబేద్కర్ రచనలు, ప్రసంగాల ఇంగ్లీషు సంపుటాలు విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పదో తరగతి తమ్ముళ్లకు ఇంగ్లీషు కష్టమైతే పీజీ చదివే మేము ఉన్నాం, ఒక్కొక్క సూక్తి ఒక్కొక్కరికి పంచితే నెల రోజుల పని.

రెండో పని ఒక నోటుపుస్తకం. మన హాస్టల్‌లో తరతరాలుగా తిరుగుతున్న మాటలు, పాటలు, పొడుపుకథలు ఎవరి నోట మొదట విన్నామో ఆ పేరుతో సహా అందులో రాయాలి. పుస్తకం కొన్నాం, మొదటి పేజీ కూడా నిండింది. ‘‘సదువుకున్నోడివైనా తిన్న పళ్లెం నువ్వే కడగాల’’ అన్న మాట మీ అందరికీ తెలుసు. పోయినసారి సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి దాన్ని ఎవరో కలెక్టరుగారి మాటగా చెబితే అందరం విన్నాం. అది మన వంటగదిలో కామాటిగా చేసి రిటైరైన అమ్మ మాట. మేము వెళ్లి కలిసి, నువ్వే అన్నావు గదా అని అడిగాం. ‘‘నానే అన్నాను, అయితే ఏటి?’’ అంది. పేరు సంచికలో వేయమంటావా అంటే, మనవరాలిని అడిగి సెప్తానంది.